స్వెట్టరంతా విప్పకుండా కేబుల్ మెలికను సరిచేసుకోవడం

మినియాపొలిస్‌లో ఉంటున్న మా తమ్ముడి కోసం కేబుల్ స్వెట్టర్, అంటే ఊలు జడలున్న స్వెట్టర్, అల్లుతూ, నడిమి జడకు తర్వాతి మెలిక వేయబోతూ స్వెట్టర్ ముందు భాగాన్ని మంచం మీద పరిచి చూశాను. కింది నుంచి వరసగా మెలికలన్నీ ఎడమకు వాలి ఉండగా ఒక్కటి మాత్రం కుడికి వాలి ఉంది. ఆ తప్పు మెలిక పడిన వరుస మీద అప్పటికే ఇంకో 23 వరుసలు అల్లేశాను. సూది మీద 110 కుట్లున్నాయి. తప్పు వరుసతో కలిపి 24 వరుసలను విప్పి మళ్లీ అల్లాలంటే 2,640 కుట్లు వేయాలి. జడ వెడల్పు ఆరు కుట్లే కాబట్టి, ఆ ఆరు కుట్ల మేరకే కిందికి దింపి తిరిగి పైకి అల్లుకుంటే 144 కుట్లతో సరిపోతుంది. నేను ఆ రెండో పనే చేశాను. ఒక సాయంత్రం పట్టింది.

కేబుల్‌లో తప్పు కనబడగానే సూది లాగేసి దారం చుట్టేయడం మొదలుపెట్టే వారిని చాలామందిని చూశాను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం వంటిదే అది. అల్లికలో ప్రతి కుట్టూ తన కింది కుట్టును పట్టుకుని నిలబడుతుంది. పక్క కుట్టుతో దానికున్న సంబంధమల్లా ఒక్క దారపు పోగు మాత్రమే. అందువల్ల ఒక నిలువు పట్టీని పై నుంచి కిందికి జార్చినా అటూ ఇటూ ఉన్న కుట్లు కదలకుండా నిలిచే ఉంటాయి. ఈ ఒక్క సంగతి మీద నమ్మకం కుదిరితే, కింద చెప్పబోయే పనులేవీ భయపెట్టవు.

ఇక్కడ వాడే మాటలను ముందుగా స్థిరపరచుకుందాం. కేబుల్ అంటే ఊలుతో వేసిన జడ. జడలోని ఒక్కొక్క భాగాన్ని పాయ అనీ, ఒక పాయ మరొక పాయను దాటే చోటును మెలిక అనీ అంటున్నాను. ఉదాహరణకు తీసుకున్నది ఆరు కుట్ల జడ, అంటే మూడేసి కుట్ల రెండు పాయలు. ప్రతి ఎనిమిది వరుసలకు ఒక మెలిక. జడకు రెండు పక్కలా రెండేసి పర్ల్ కుట్లు. నిట్ అంటే మంచి వైపున, అంటే బయటికి కనబడే వైపున, V ఆకారంలో కనబడే మామూలు కుట్టు; పర్ల్ అంటే అదే కుట్టు వెనుక నుంచి కనబడినట్టు, అడ్డంగా చిన్న గడ్డలా కనబడేది. మొదటి మూడు కుట్లను కేబుల్ సూది (కుట్లను కాసేపు పక్కన నిలిపే పొట్టి సూది) మీదికి తీసి, ఆ సూదిని అల్లికకు ముందు ఉంచి, తర్వాతి మూడింటిని నిట్ చేసి, ఆపైన కేబుల్ సూది మీది మూడింటిని నిట్ చేస్తే మెలిక ఎడమకు వాలుతుంది. కేబుల్ సూదిని వెనుక ఉంచి అదే పని చేస్తే కుడికి వాలుతుంది. కేబుల్‌లో జరిగే తప్పులలో చాలావరకు ఈ ముందు వెనుకల దగ్గరే జరుగుతాయి, ముఖ్యంగా ఎడమ జడా కుడి జడా అద్దంలో ప్రతిబింబాల్లా ఎదురెదురుగా తిరిగే డిజైన్లలో. ఐర్లండ్ పడమటి తీరాన, గాల్వే అఖాతం ముఖద్వారంలో ఉన్న ఆరన్ దీవుల పేరుతో ప్రసిద్ధమైన స్వెట్టర్లలో ఇటువంటి జంట జడలు ఎక్కువ. అందుకే ఆ తరహా డిజైన్‌ను మొదటిసారి అల్లుతున్నవారు మెలిక వేసిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, రెండు వైపులనూ పోల్చి చూసుకోవడం మంచిది.

తప్పు ఎక్కడుందో లెక్కపెట్టడం

సరిదిద్దే ముందు తప్పు ఏ వరుసలో ఉందో కచ్చితంగా తెలియాలి. మెలిక పడిన చోట రెండు పాయల మధ్య చిన్న సందు ఏర్పడుతుంది. వెనుక వైపు నుంచి ఆ సందులోకి చూపుడు వేలి కొసను దూర్చి, జడను రెండు పక్కలకు మెల్లగా సాగదీస్తే, రెండు పాయల నడుమ నిచ్చెన మెట్లలాగా అడ్డంగా సాగే దారాలు కనిపిస్తాయి. వేలికి పైన ఉన్న మొదటి మెట్టు మెలిక వేసిన వరుసది. అక్కడి నుంచి సూది వరకు ఒక్కో మెట్టు ఒక్కో వరుస. ఎనిమిది మెట్లు పూర్తయి ఉంటే తర్వాతి మెలిక వేసే సమయం వచ్చిందన్నమాట. మెలిక పడిన కుట్లు ఒకదానిమీద ఒకటి వాలి ఉంటాయి కాబట్టి పైనుంచి చూసి లెక్కపెడితే ఒకటి రెండు వరుసల తేడా తప్పదు. మెట్లను లెక్కపెట్టినప్పుడు మాత్రం నాకు ఇంతవరకు లెక్క తప్పలేదు.

తప్పును చూసినప్పుడు అది ఏ రకం తప్పో కూడా తేల్చుకోవాలి. మెలిక తప్పు దిక్కుకు పడిందా, అసలు పడనే లేదా, పడవలసిన వరుసకు ముందో వెనుకో పడిందా, లేక ఒక కుట్టు పక్కకు జరిగి పర్ల్ కుట్టును కూడా కలుపుకుని పడిందా అన్నదాన్ని బట్టి ఎన్ని కుట్లు దింపాలో మారుతుంది. చివరి రకంలో ఆరు కుట్లతో పాటు పక్కనున్న పర్ల్ కుట్టును కూడా దింపవలసి వస్తుంది. దాన్ని తిరిగి అల్లేటప్పుడు పర్ల్‌గానే అల్లాలని గుర్తుంచుకోవాలి.

అదే వరుసలో ఉండగానే తెలిస్తే

మెలిక వేసి, ఆ వరుస ఇంకా పూర్తికాకముందే తప్పు కనబడితే ఒక్కొక్క కుట్టునూ వెనక్కి తీసుకుంటే చాలు. కుడి సూది మీదున్న కుట్టుకు సరిగ్గా కింద ఉన్న కుట్టులోకి ఎడమ సూదిని ముందు నుంచి గుచ్చి, కుడి సూదిని తప్పించి, దారాన్ని లాగితే ఆ కుట్టు విడిపోతుంది. మెలిక దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం క్రమం జాగ్రత్త. మొదట విడిపోయే మూడు కుట్లు కేబుల్ సూది మీద నుంచి వచ్చినవి. కాబట్టి వాటిని ఎడమ సూది మీదికి కాకుండా తిరిగి కేబుల్ సూది మీదికే తీసుకోవాలి. ఆ తర్వాతి మూడింటిని ఎడమ సూది మీదికి తీసుకుని, చివరగా కేబుల్ సూది మీది మూడింటిని వాటికి కుడి పక్కన, అంటే ఎడమ సూది మొన వైపు చేర్చాలి. అప్పుడు ఆరు కుట్లూ మెలికకు ముందున్న వరసలోకి వస్తాయి. ఈ క్రమం పాటించకపోతే కుట్లు తారుమారై, సరిదిద్దుకున్నామనుకున్న మెలిక మళ్లీ తప్పే పడుతుంది.

చివరగా వేసిన మెలికే తప్పయితే ఒక్క పాయ చాలు

మెలిక దిక్కు తప్పింది, కానీ దాని మీద ఇంకొక మెలిక పడలేదు అనుకుందాం. అప్పుడు ఆరు కుట్లనూ దింపనవసరం లేదు. ఎడమ మెలికలోనైనా కుడి మెలికలోనైనా కుట్లు చివరికి చేరే చోటు ఒకటే. మొదటి మూడు కుట్లు ఎడమకు, తర్వాతి మూడు కుడికి చేరతాయి. తేడా అల్లా ఏ పాయ పైన ఉంది, ఏది కింద ఉంది అన్నదే. కాబట్టి పైన ఉన్న పాయ మూడు కుట్లను మాత్రమే మెలిక వరుస దాకా, ఆ వరుసతో సహా, జార్చి, ఆ పాయను రెండో పాయకు వెనుకగా పంపి, అవతలి వైపు మళ్లీ పైకి అల్లుకుంటే సరిపోతుంది.

చేసే విధానం ఇది. మంచి వైపు మీకు కనబడేలా పట్టుకుని, వరుసను ఆ పాయ దాకా అల్లి ఆగండి. పాయ మూడు కుట్లను సూది నుంచి వదిలి, ఒక్కో వరుసగా మెల్లగా విప్పుతూ రండి. మెలిక వరుస కూడా విడిపోయాక మిగిలే మూడు లూపులను కేబుల్ సూది మీదికి ఎక్కించండి. ప్రతి లూపు కుడి కాలు (లూపు నుంచి సూదికి అటూ ఇటూ దిగే రెండు దారాల్లో కుడి పక్కది) సూదికి ముందుండాలి. వెనుక ఉంటే ఆ కుట్టు మెలితిరిగి, జడ మీద చిన్న ముడిలాగా కనబడుతుంది. ఇప్పుడు ఆ కేబుల్ సూదిని రెండో పాయ కిందుగా వెనక్కి తోసి, అవతలి పక్కన బయటికి తీయండి. లూపులు ఇంకా దేనితోనూ ముడిపడలేదు కాబట్టి అవి సులువుగానే దాటుతాయి. ఆ పైన వదులుగా వేలాడుతున్న మెట్టు దారాలలో అన్నిటికన్నా కిందిదాన్ని తీసుకుని, రెండు వైపులా మొనలున్న పొట్టి సూదితో ఆ మూడు కుట్లను కుడి నుంచి ఎడమకు నిట్ చేయండి. వరుస పూర్తికాగానే కుట్లను సూదికి కుడి చివరకు జరిపి, పై మెట్టును తీసుకోండి. మంచి వైపు నుంచే అల్లుతున్నారు కాబట్టి ప్రతి వరుసా నిట్టే. పర్ల్ అవసరం ఉండదు.

క్రోషా సూదితో ఒక్కో నిలువు వరసనూ పైకి లాక్కోవచ్చు కదా అని అడుగుతారు. ఒక్క కుట్టు జారినప్పుడు అదే సులువైన మార్గం. మూడు కుట్ల పాయలో మాత్రం మొదటి నిలువు వరసకు దారం ఎక్కువై, చివరి వరసకు చాలకుండా పోతుంది. అందుకే నేను పొట్టి సూదులతో అడ్డంగా అల్లుకోవడాన్నే ఇష్టపడతాను.

లోతుగా ఉన్న తప్పు

తప్పు మెలిక మీద ఇంకా మెలికలు పడి ఉంటే, రెండు పాయలూ చోట్లు మార్చుకుంటూ పైకి వచ్చి ఉంటాయి. అటువంటప్పుడు ఒక్క పాయను వెంబడించడం కళ్లకూ బుర్రకూ శ్రమ. ఆరు కుట్లనూ దింపడమే మేలు. మా తమ్ముడి స్వెట్టర్‌లో నేను చేసినది అదే కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ముందుగా పనికి చోటు సిద్ధం చేసుకోవాలి. మంచి వెలుతురు, చదునైన బల్ల, దాని మీద గట్టి దిండు ఒకటి, గుండుసూదులు, అల్లిక సూదుల కన్నా ఒక సైజు సన్నగా ఉండే, రెండు వైపులా మొనలున్న సూదులు రెండు, కేబుల్ సూది, వేరే రంగు నూలు దారం కొంచెం, మొద్దు మొన ఉన్న ఊలు సూది. అల్లేది 4.5 మిల్లీమీటర్ల సూదితో అయినా దిద్దేది 4 మిల్లీమీటర్ల సూదితో అయితే ఇబ్బంది లేదు. కుట్టు సైజును ఇక్కడ నిర్ణయించేది సూది కాదు, అక్కడ మిగిలి ఉన్న దారం పొడవు.

దింపడానికి ముందు, తప్పు మెలికకు కింది వరుసలో ఆ ఆరు కుట్ల కుడి కాళ్ల గుండా రంగు నూలు దారాన్ని ఊలు సూదితో దూర్చి ఉంచాను. కిందికి జారుతున్న కుట్లు ఆ దారం దగ్గర ఆగిపోతాయి. అంతకు దిగువకు పోలేవు. తర్వాత వరుసను జడ దాకా అల్లి, జడ ఆరు కుట్లను సూది నుంచి వదిలి, అల్లికను దిండు మీద పరిచి, జడకు రెండు పక్కలా ఉన్న పర్ల్ కుట్లను గుండుసూదులతో దిండుకు బిగించాను. ఒక్కొక్క వరుసా విడిపోతున్న కొద్దీ ఆ దారాన్ని పైకి, దిండు తలవైపుకు మడిచి ఒక గుండుసూదికి తగిలించాను. మొదట విడిపోయేది పై వరుస కాబట్టి అది అన్నిటికన్నా దూరంగా ఉండాలి. చివర విడిపోయేది మెలిక వరుస, అది మనకు దగ్గరగా ఉండాలి. అలా 24 దారాలు వరసగా పరుచుకున్నాయి. ఎన్నాళ్లో జడలో ఉండి విప్పిన జుట్టు ఎలా ఉంగరాలు తిరిగి ఉంటుందో ఆ దారాలూ అలాగే ఉన్నాయి. పాత కుట్ల ఆకారం వాటిలో ఇంకా నిలిచి ఉంది. తిరిగి అల్లేటప్పుడు ఆ వంకులు మనకు సాయం చేస్తాయి, ఎందుకంటే దారం తన పాత చోటులోకే ఒదిగిపోతుంది.

రంగు దారం మీద నిలిచిన ఆరు లూపులను పొట్టి సూది మీదికి ఎక్కించి, మొదటి మూడింటిని కేబుల్ సూదితో ముందుకు తీసి, అన్నిటికన్నా దగ్గరి దారంతో సరైన ఎడమ మెలిక వేశాను. అక్కడి నుంచి ఒక్కో దారానికి ఒక్కో నిట్ వరుస. మెలిక వరుసది 1వ దారం అనుకుంటే మళ్లీ మెలిక వేయవలసినవి 9వ దారం, 17వ దారం. ఈ రెండు అంకెలను ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకున్నాను. లేకపోతే ఒక తప్పు దిద్దబోయి ఇంకొకటి చేసే ప్రమాదం ఉంటుంది. 24వ దారం కూడా పూర్తయ్యాక ఆరు కుట్లనూ ఎడమ సూది మీదికి ఎక్కించి, వరుసను కొనసాగిస్తూ తర్వాతి మెలిక వేశాను.

ఈ పనిలో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, దారాల క్రమం తప్పడం: ఒక దారాన్ని వదిలేసి పైదానితో అల్లితే వెనుక వైపు ఒక పొడవాటి దారం ఏ పనీ లేకుండా వేలాడుతూ మిగులుతుంది. అలా కనబడితే అక్కడికే మళ్లీ దింపాలి. వేరే దారి లేదు. రెండోది, ఆత్రంగా దారాన్ని లాగడం. మొదటి కుట్టును బిగించి అల్లితే దారం చివరి కుట్టు దగ్గర వదులుగా మిగులుతుంది. వదులుగా అల్లితే చివరి కుట్టుకు దారం చాలదు, పక్క పర్ల్ కుట్టు నుంచి లాక్కుంటుంది. ఆరు కుట్లూ అయ్యాక సూది మొనతో ఒక్కో కుట్టు కాలినీ కొంచెం కొంచెంగా లాగుతూ దారాన్ని సమంగా పంచుకోవాలి. ప్రతి వరుసకూ ఇలా సర్దుకుంటూ పోతే చివర్లో జడ చుట్టూ వదులు కుట్ల గొడవ ఉండదు.

మెలిక వేయడమే మరిచిపోతే

తప్పు దిక్కుకు పడిన మెలికకూ సరైన మెలికకూ పట్టే దారం సమానమే, కాబట్టి దిద్దినప్పుడు దారం సరిపోతుంది. అసలు మెలికే వేయకుండా దాటేసిన చోట మాత్రం అలా కాదు. పాయలు ఒకదాన్నొకటి దాటి వెళ్లడానికి కొంచెం ఎక్కువ దారం కావాలి, కానీ నేరుగా అల్లిన వరుసలో మిగిలి ఉన్నది నేరు కుట్లకు సరిపడా దారమే. ఆరు కుట్లనూ దింపి మెలిక వేసి పైకి అల్లితే ఆ వరుస బిగుసుకుపోయి జడ నడుమ నొక్కినట్టు కనబడుతుంది. అటువంటప్పుడు జడకు రెండు పక్కలా ఉన్న పర్ల్ కుట్ల నుంచి, అవి చాలకపోతే వాటి అవతలి కుట్ల నుంచి, సూది మొనతో కొద్దికొద్దిగా దారాన్ని జడ వైపుకు తరలించాలి. రెండు పాయలూ రెండేసి కుట్లవయితే ఈ ఇబ్బంది దాదాపు తెలియదు. నాలుగేసి కుట్ల పెద్ద పాయలయితే బాగా తెలుస్తుంది. ఎనిమిది కుట్ల జడలో మెలిక మరిచిపోయి, తప్పు పది వరుసల లోపే ఉంటే, వరుసలన్నీ విప్పి మళ్లీ అల్లుకోవడమే నా సలహా. పక్క కుట్ల నుంచి అప్పు తెచ్చిన దారంతో పెద్ద మెలిక నిండుగా కూర్చోదు.

మెలిక రెండు వరుసలు ముందో వెనుకో పడినప్పుడు కూడా దింపి అల్లడమే పద్ధతి. అయితే ఒంటరి జడలో ఇటువంటి తేడాను నేను వదిలేస్తాను. పక్కపక్కనే రెండు జడలుండి, వాటి మెలికలు ఒకే వరుసలో పడవలసి ఉన్నప్పుడే ఆ తేడా కంటికి గుచ్చుకుంటుంది.

పూర్తయిన స్వెట్టర్‌లో తప్పు బయటపడితే

భాగాలన్నీ కలిపి కుట్టి, మెడపట్టీ కూడా అయిపోయాక కనబడే తప్పు ఉంటుంది. దాన్ని పైనుంచి దింపడం కుదరదు. ఇక్కడ కత్తెర పట్టక తప్పదు, కానీ కత్తిరించేది ఒక్క కుట్టునే.

దిక్కు తప్పిన మెలికలో రెండు పాయలలో ఏదో ఒకదాన్ని విడదీసి రెండో వైపుకు మార్చాలి. నేను వెనుక ఉన్న పాయను విడదీస్తాను, ఎందుకంటే దాన్ని ముందుకు తెచ్చి కలిపితే కలిపే కుట్లు కళ్లెదుటే ఉంటాయి. కోయబోయే చోటుకు పై వరుసలోనూ కింది వరుసలోనూ ఆ పాయ మూడు కుట్ల గుండా రంగు దారం దూర్చి ఉంచుకోవాలి. స్వెట్టర్‌ను తిరగేసి, వెనుక వైపు నుంచి ఆ పాయలో మెలిక దగ్గరి వరుసలో నడిమి కుట్టును చిన్న కత్తెరతో ఒక్కచోట కోసి, ఆ దారాన్ని రెండు వైపులకూ పాయ అంచుల దాకా మాత్రమే ఊడదీయాలి. అప్పుడు కింద మూడు లూపులు, పైన మూడు లూపులు విడివిడిగా నిలుస్తాయి. వాటిని మెలిక పై వైపుకు తెచ్చి, అదే ఊలు దారం ఓ 30 సెంటీమీటర్లు తీసుకుని, మొద్దు మొన సూదితో పై లూపులనూ కింది లూపులనూ కలుపుతూ ఒక కొత్త వరుసను కుట్టాలి. సూది దారి అర్థం కాకపోతే పక్క పాయలోని ఒక వరుసను దగ్గరగా చూడండి; దారం కింది కుట్టులోంచి పైకి వచ్చి, పై కుట్టు రెండు కాళ్ల వెనుకగా చుట్టి, మళ్లీ అదే కింది కుట్టులోకి దిగి, పక్క కుట్టుకు సాగుతుంది. మీ సూది కూడా ఆ దారినే వెళ్లాలి. కుట్లను బిగించకుండా ముందు వదులుగా వేసి, చివర్లో సైజు సరిచూసుకుంటూ బిగించడం సులువు. కోసిన దారపు తోకలు పొట్టిగా ఉంటాయి కాబట్టి, కొత్త దారం కొసలతో పాటు వాటిని వెనుక పర్ల్ కుట్లలో దూర్చి భద్రపరచాలి.

మొదటిసారి ఈ పని చేయబోయేవారు స్వెట్టర్ మీద చేయకండి. మిగిలిన ఊలుతో ఒక చిన్న ముక్క అల్లి, అందులో కావాలనే ఒక మెలికను తప్పుగా వేసి, దాన్ని కోసి కలిపి చూసుకోండి. ఆ ముక్క మీద చేయి కుదిరాక స్వెట్టర్ మీద కత్తెర పెట్టినప్పుడు చేయి వణకదు.

చిన్న తప్పులు

జడ పక్కన పర్ల్ పడవలసిన చోట నిట్ పడితే, ఆ ఒక్క నిలువు వరసను దింపి, అల్లికను తిరగేసి, వెనుక వైపు నుంచి క్రోషా సూదితో మెట్టు మెట్టుగా పైకి లాక్కుంటే అవి మంచి వైపున పర్ల్ కుట్లవుతాయి. జడలో నిట్ పడవలసిన చోట ఒక్క పర్ల్ పడి, అది చాలా కింద ఉంటే, దాని మీద అదే దారంతో నిట్ కుట్టు ఆకారాన్ని అనుసరిస్తూ సూదితో ఒక కుట్టు వేసి కప్పేయవచ్చు. ఈ ఉపాయం ఒకటి రెండు కుట్లకే. అంతకు మించితే అక్కడ దళసరిగా చేతికి తగులుతుంది.

జడ ఎడమ అంచున ఉన్న కుట్టు మిగిలినవాటి కన్నా వదులుగా, పెద్దదిగా కనబడటం మరొక ఇబ్బంది. ఇది నిజానికి తప్పు కాదు. నిట్ నుంచి పర్ల్‌కు మారేటప్పుడు దారం వెనుక నుంచి ముందుకు రావాలి కాబట్టి కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, ఆ ఎక్కువ దారం అంచు కుట్టులోకి చేరుతుంది. జడ తర్వాతి మొదటి పర్ల్ కుట్టుకు దారాన్ని సూది పై నుంచి కాకుండా కింది నుంచి చుట్టి అల్లితే దారి దగ్గరై, ఆ వదులు తగ్గుతుంది. అలా అల్లిన కుట్టు సూది మీద ఎదురు తిరిగి కూర్చుంటుంది. తిరుగు వరుసలో దాన్ని వెనుక కాలిలోంచి నిట్ చేస్తే మామూలుగా సర్దుకుంటుంది.

ఏది దిద్దాలి, ఏది వదలాలి

మన ఇళ్లలో ఇంత పెద్ద పని చేసేది ఎక్కువగా చలిదేశాల్లో ఉన్న పిల్లల కోసమో తోబుట్టువుల కోసమో. వాళ్లు దాన్ని ఏళ్ల తరబడి వేసుకుంటారు. అందువల్ల ఛాతీ మీద, మెడకు దగ్గరగా ఉన్న తప్పును నేను ఎంత లోతుగా ఉన్నా దిద్దుతాను. చంక కింద, చేతి లోపలి వైపు ఉన్నదాన్ని వదిలేస్తాను. నడిమి జడ మొదటి మెలికే తప్పు దిక్కుకు పడి, పైవన్నీ సరిగా ఉంటే దాన్ని తప్పక దిద్దాలి. మెలికలన్నీ ఒకేలా పొరపాటున కుడికి పడి ఉంటే, అది ఒంటరి జడ అయినప్పుడు దిద్దవలసినదేమీ లేదు, మిగతాదంతా కుడికే అల్లుకుంటే సరిపోతుంది.

తప్పును తొందరగా పట్టుకునే ఏర్పాటు చేసుకుంటే ఈ శ్రమలో చాలా భాగం తగ్గుతుంది. మెలిక వేసిన ప్రతి వరుసలో ఆ పాయ కుట్టుకు ఒక చిన్న పిన్నీసు తగిలిస్తే వరుసలు లెక్కపెట్టే పని ఉండదు. రెండు మూడు మెలికలకొకసారి వరుస మొత్తం గుండా పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని గానీ, సన్నని నూలు దారాన్ని గానీ దూర్చి ఉంచండి. ఎప్పుడైనా అంతా విప్పవలసి వచ్చినా అల్లిక ఆ దారం దగ్గర ఆగుతుంది. ఆ దారాన్ని కుట్లలోంచే తీయాలి. సూది మీదున్న గుర్తు రింగులలోంచి పోనిస్తే అవి అక్కడే చిక్కుకుపోతాయి.

దిద్దిన జడ మొదట ఎగుడుదిగుడుగా కనబడుతుంది. దాన్ని చూసి మళ్లీ విప్పకండి. స్వచ్ఛమైన ఊలయితే, గోరువెచ్చని నీళ్లలో ఒక అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, కొలతలకు సరిగా పరిచి నీడలో ఆరనిస్తే, దిద్దిన కుట్లు పక్క కుట్లతో సర్దుకుంటాయి. మన ఊళ్ల దుకాణాలలో దొరికే దారం చాలావరకు యాక్రిలిక్. అది నీళ్లతో ఊలు సర్దుకున్నంతగా సర్దుకోదు. కాబట్టి యాక్రిలిక్ జడను దిద్దేటప్పుడే సూది మొనతో కుట్లను ఇంకాస్త ఓపికగా సమం చేసుకోవాలి. దానికి ఇస్త్రీపెట్టెను మాత్రం ఆనించకండి. వేడికి యాక్రిలిక్ మెత్తబడి పాయలు అణిగిపోతాయి, ఆ అణిగిన జడ తిరిగి ఎన్నటికీ ఉబ్బదు.